సర్కారు ముద్రల మనమెక్కడ?

దిల్‌సుఖ్‌నగర్ల గ్రూప్స్ కోచింగ్‌కొచ్చిన ప్రతి పోరడు, పోరి బట్టీ పట్టే బిట్టు ఇది: రాష్ట్ర చిహ్నంల ఏమున్నయి? కాకతీయ కళాతోరణం, దాని నడుమ చార్మినార్, పైన సింహాలు, కింద సత్యమేవ జయతే. గీసింది ఏలె లక్ష్మణ్. 2014 జూన్ 2 నుంచి అమలు. బిట్టు గాడికే ఖతం. అసలు సవాల్ గాడ్నించే షురూ.

ముద్ర అంటే నోరులేని దండోరా. ఎవరి మాట చెల్లుతదో ఊరికి చెప్తది. నిజాం జెండా నడుమ తెల్లటి గుండ్రం ఉంటుండె. అది కుల్చా రొట్టె అంటరు. ఒక సూఫీ సాధువు మొదటి నిజాంకు ఏడు కుల్చాలు పెట్టి, నీ వంశం ఏడు తరాలు ఏలుతదన్నడని కథ. రొట్టె జెండా మీదికెక్కింది, పండించినోని కంచంల గట్కే మిగిలింది.

2024 మేల సర్కారు రాచరిక గుర్తులు తీసి కొత్త చిహ్నం తెస్తమన్నది. తోరణం, చార్మినార్ తీస్తే ఊకోమని లొల్లయింది. వాయిదా పడ్డది.

తీసెయ్యుర్రి అని నేననను. కట్టించింది రాజులే, రాళ్లు మోసింది, చెక్కింది మాత్రం కూలి చేతులు. గందుకే అవి మనయి. కానీ 2009ల ఎల్బీనగర్ చౌరస్తాల తెలంగాణ కోసం పాణం పణంబెట్టిన శ్రీకాంతాచారి లాంటోళ్ల గుర్తు ముద్రల ఏడున్నది? నాగలేది? డప్పేది?

ముద్ర మార్చుడు నాలుగు గోడల నడుమ తేల్చే ముచ్చట గాదు. ముసాయిదా గ్రామసభల పెట్టాలె. తమ్మీ, చెల్లే, పరీక్షల బిట్టుకు జవాబు రాయుర్రి. బయటికొచ్చినంక సర్కారును ఎదురు సవాల్ అడుగుర్రి.