ఓడతో వచ్చిన చిప్ప, వరదతో దొరకిన చోటు

కూసుమంచి చెంతనున్న పాలేరు జలాశయము నిండి అలుగు పారినపుడు, ఆ నీరు ఏటివెంట కృష్ణలో గలసి, ప్రకాశము బ్యారేజి దాటి, హంసలదీవి పరిసరములలో సముద్రమును చేరును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఈ ప్రాంతమును ముంచెత్తిన వాన పాలేటిని, మున్నేటిని పొంగించి, ఎగువనుండి దిగివచ్చిన కృష్ణవరదతో ఏకమై, బ్యారేజికడ 11 లక్షల క్యూసెక్కులను మించిన ప్రవాహమై కడలిపాలయ్యెను. కూలిన ఇండ్లను, కొట్టుకొనిపోయిన చేలను మనము లెక్కించితిమి. అంతటి మంచినీరు ఒక్కుమ్మడిగా వచ్చిపడినచో, నదీముఖమున ఉప్పునీటికి అలవాటుపడిన గుల్లలు, ఆల్చిప్పలు ఏమగునని అడిగినవారు మాత్రము అరుదు. ఖాళీయైన ఆ చోటు ఎవరి వశమగునను ప్రశ్న అంతకంటెను ముఖ్యమైనది.

దీనికి విశాఖపట్టణపు ఓడరేవు ఒక సమాధానమును దాచియున్నది. మధ్య అమెరికా అట్లాంటికు తీరములకు చెందిన మైటిలాప్సిస్ సల్లీ అను చిన్న ఆల్చిప్ప 1967 ప్రాంతమున అచట కానవచ్చినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రాచార్యులు పి. ఎన్. గణపతిగారును, వారి సహచరులును 1971లో దానిని గూర్చి ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. ఓడల అడుగుభాగమున అంటుకొనియో, బరువుకొఱకు నింపుకొను నీటిలో కంటికానని పిల్లలుగనో ఇట్టి జీవులు ఖండాంతరములు దాటును. బొటనవ్రేలి గోరుకంటె అంతగా పెద్దది కాని ఈ చిప్ప, తన పాదమునుండి సన్నని నారలను స్రవించి ఇనుపగొలుసును పట్టుకొనును. దానిమీద మఱియొకటి, దానిమీద వేఱొకటి నారలు పెనవేయగా, గొలుసు కన్పింపకుండ నల్లని గుత్తియొక్కటే మిగులును. పుట్టిన కొలదివారములకే అది సంతానమునకు సిద్ధమగును.

దాని అసలు బలము సంఖ్యలో గాక ఓర్పులో నున్నదని నా అభిప్రాయము. దాదాపు మంచినీటియందును, సముద్రముకంటె చిక్కని ఉప్పునందును, ప్రాణవాయువు తగ్గిన మురికినీటియందును అది బ్రదుకగలదు. మేఘాద్రిగెడ్డ నీరు రేవులోనికి దిగి ఉప్పదనము పడిపోయినపుడు తక్కిన జీవులు తల్లడిల్లుచుండ, ఇది నిలిచియుండును.

వాతావరణపు మార్పు పని ఇచటనే మొదలగుచున్నది. ఉష్ణమండల హిందూమహాసముద్రపు ఉపరితలము 1951 నుండి 2015 వఱకు సుమారు 1 డిగ్రీ సెల్సియసు వేడెక్కినది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును, వేడెక్కిన సముద్రముపై గాలి ఎక్కువ తేమను మోయును, ఆ తేమ భారీవర్షమై కురియును. ఓడ ఆ ఆగంతుకను తెచ్చినమాట నిజమే కాని, స్థానికులను బలహీనపఱచి దానికి చోటిచ్చుచున్నవి ఈ వేడి, ఈ వరద, ఈ తుపానులు. కేరళలోని అష్టముడి సరస్సున ఇదే చిప్ప విజృంభించుటకు 2017 నాటి ఓఖీ తుపాను తోడ్పడియుండవచ్చునని అచటి పరిశోధకులు తలచిరి. మనకును తమిళనాటికిని ఉమ్మడియైన పులికాటు సరస్సునకు సైతము ఇది ప్రాకినది. అడుగుబురదపై ఇది పఱచుకొన్నచో రొయ్య మేయుటకు, దాగుటకు తావు దొరకదు. రొయ్య లేనిచోట జాలరి వలకు పని లేదు.

1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరమున ఈ జాతి చిప్పయే పడవరేవులలో బయల్పడగా, ప్రభుత్వము రేవుల ద్వారములను మూసి, క్లోరినును, మైలతుత్తమును నీటిలో గలిపి, కొన్ని వారములలో నిర్మూలించెను. ఆ జలమునందలి ఇతర ప్రాణులును దానితోనే నశించెను. అంతటి మూల్యము చెల్లించి సాధించిన విజయమది. తలుపు లేని నదీముఖమునకు ఆ వైద్యము చెల్లదు. కోరంగి మడయడవులకడను, కృష్ణ పాయలలోను చేయదగినది వేఱు: రేవులో చాలకాలము నిలిచిన పడవను, వలను, త్రాటిని ఏటిలోనికి తేకమునుపే ఒడ్డునకు లాగి, అంటిన చిప్పలను గీకి, ఆ గీకినదానిని నీటిలో పాఱవేయక ఎండలో పూర్తిగా ఆఱనీయవలెను.