విచారణ గురువు

మన ప్రాంతములందు కతోలిక దేవాలయమున్న చోటనెల్ల దాని ప్రక్కనే గురువుగారి నివాసము కానవచ్చును. ఆ ఇంటి తలుపును వేళగాని వేళ తట్టుటకు తమకు హక్కు కలదని ఊరివారందరు తలంతురు. అందు నివసించువారిని తెలుగు కతోలికులు 'విచారణ గురువు' అని పిలుచుచున్నారు. ఇచ్చట విచారణ యనగా నేరమును గూర్చిన ఆరా కాదు. పెద్దలు మన యోగక్షేమములు విచారించిరని మనము చెప్పుకొనునప్పటి అర్థమే దీనికిని వర్తించును. ఆ గురువునుండి ఎవరెవరు ఏమేమి కోరుచున్నారో, అందెంత ఒక మనుష్యునికి సాధ్యమో నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

మొదట ధర్మశాస్త్రము కోరునది చూతము. ఒకప్పుడు ఐరోపాలో కొందరు గురువులు పెక్కు విచారణల ఆదాయమును పొందుచు, ఎచ్చటనో నివసించెడివారు. 1545 నుండి 1563 వరకు జరిగిన ట్రెంటు మహాసభ ఈ దురాచారమును ఖండించి, గురువు తన ప్రజలమధ్యనే ఉండవలెననియు, ఆదివారములందు, పండుగలందు బోధింపవలెననియు శాసించినది. 1983లో అమలునకు వచ్చిన నేటి ధర్మశాస్త్రమును ఇదే మార్గమున నడచుచున్నది. దాని ప్రకారము గురువు దేవాలయమునకు సమీపమున నివసింపవలెను. సెలవు సంవత్సరమునకు ఒక నెలకు మించరాదు. కుటుంబములను దర్శింపవలెను, రోగులను, మరణాసన్నులను, పేదలను, ఒంటరివారిని ప్రత్యేక శ్రద్ధతో వెదకి ఆదరింపవలెను. జ్ఞానస్నాన, వివాహ, మరణముల పుస్తకములను సక్రమముగా వ్రాసియుంచవలెను. విచారణ ఆస్తులకు, లెక్కలకు ఆయనయే బాధ్యుడు. డెబ్బదియైదేండ్లు నిండినపిమ్మట మాత్రమే, రాజీనామా సమర్పింపుమని శాస్త్రము ఆయనను కోరుచున్నది.

ఇక ప్రజలు కోరునది ఏ గ్రంథమునందును వ్రాసియుండలేదు. కాని అది ఇంతకంటె పెద్దది. బడిలో చోటు, ఆసుపత్రికి ఉత్తరము, భార్యాభర్తల తగవు, పొలము గట్టు తగాదా, అన్నియు ఫాదరుగారి వద్దకే వచ్చును. ప్రసంగము పొడిగించిన విసుగు, కుదించిన నిరుత్సాహము. కలవారింట భోజనము చేసిన ఒక మాట, చేయకున్న మరియొక మాట. పాతపాటలు వలయునని పెద్దలు, క్రొత్తవి వలయునని యువకులు పట్టుబట్టుదురు.

మన పల్లెలందు ఒక్క విచారణ క్రింద పెక్కు గ్రామములుండుట కలదు. గురువు సాధారణముగా దినమునకు ఒక్క దివ్యపూజయే అర్పింపవలెను. అవసరమున్నచో మేత్రాణుల అనుమతితో రెండు, ఆదివారములందు మూడు అర్పింపవచ్చును. అందువలన ఎనిమిది గ్రామములున్నచో అన్నింటికి ఆదివారపు పూజ సమకూరదు. తక్కిన చోట్ల ఉపదేశిగారు ప్రార్థన నడపుదురు. 'మా ఊరికి ఫాదరుగారు రారే' యను నిష్ఠురము ఆయన సోమరితనమువలన కాక, ఈ లెక్కవలననే పుట్టుచుండును.

వీటన్నింటికంటె బరువైనది మరియొకటి కలదు. పాపసంకీర్తనమున విన్నదానిని గురువు ఎవరికిని, ఏ కారణముచేతను వెల్లడింపరాదు. వెల్లడించినవాడు తత్క్షణమే సంఘబహిష్కృతుడగును. ఊరివారి దుఃఖములన్నియు ఆయన హృదయమునందు చేరును. కాని వానిని పంచుకొనుటకు ఇంట భార్యాబిడ్డలు లేరు.

ఈ భారమునకు మహాత్ములును తల్లడిల్లిరి. ఫ్రాన్సు దేశమున ఆర్స్ అను కుగ్రామమునకు 1818లో జాన్ మరియ వియాన్నె గురువై వచ్చెను. అచ్చటి జనసంఖ్య సుమారు 230 మాత్రమే. లాటిను భాష ఆయనకు కొరుకుడు పడలేదు, చదువులో వెనుకబడినవాడనిపించుకొనెను. అయినను కాలక్రమమున దూరప్రాంతములనుండి వేలకొలది జనులు ఆయన వద్దకు పాపసంకీర్తనమునకై రాసాగిరి. దినమునకు పది గంటలకు పైగా ఆయన వారి మాటలు వినుచు కూర్చుండెడివాడు. అట్టివాడే ఏకాంతమును కోరి 1843లోను, మరల 1853లోను ఆర్స్ విడిచిపోవ యత్నించెను. రెండుసార్లును తిరిగి ప్రజల వద్దకే చేరెను. 1859లో అచ్చటనే కన్నుమూసెను. 1925లో ఆయనను పునీతునిగా ప్రకటించిరి. 1929లో విచారణ గురువులకు పాలక పునీతునిగా నియమించిరి. పారిపోవ దలచిన మనుష్యుని ఆదర్శముగా నిలుపుటలో సంఘము గురువుల అలసటను గుర్తించినదని మేము భావించుచున్నాము.

మరి చేయవలసినదేమి? పూజ, పాపసంకీర్తనము గురువే నిర్వహింపవలెను. లెక్కలు చూచుట, బడి పనులు, తగవులు తీర్చుట ఇతరులును పంచుకొనదగినవి. ప్రతి విచారణలోను ఆర్థిక వ్యవహారములందు తోడ్పడుటకు ఒక సంఘము ఉండితీరవలెనని ధర్మశాస్త్రమే విధించుచున్నది. అది కాగితముమీదనే మిగిలిన చోట, ఆ బరువును గురువే మోయుచుండును.

ఏ మతమువారమైనను, మన యోగక్షేమములు విచారించువారు మనకు కలరు. వారి యోగక్షేమములు విచారించువారెవరు? ఈసారి ఆ తలుపు తట్టునప్పుడు, మన పని చెప్పుటకు ముందు, 'అయ్యా, తాము భోజనము చేసితిరా?' అని ఒక్కమాట అడుగుదము.