బ్యాన్‌కీ భణితికీ చుట్టరికం

ఇట్లా రా తల్లీ, అరుగు మీద కూర్చో. ఏమడిగావు? బ్యాన్, ఫర్బిడ్, ప్రొహిబిట్ మూడింటికీ నీ పుస్తకంలో ‘నిషేధించు’ అనే రాశారు, ఒక్క పనికి మూడు మాటలెందుకు అనా? మీ అవ్వ పెట్టెలో మూడు ఎర్రచీరలున్నాయి. మూడూ ఒకటే కదా అని ఆమె ముందు అని చూడు. దేని అంచు ఏదో, దేని కొంగు ఏదో, ఏది ఎవరి మగ్గం మీద దిగిందో పొద్దుగూకేదాకా చెప్తుంది. మాటలు కూడా అంతే.

ముందు బ్యాన్ సంగతి చూద్దాం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దీని రూపం బన్నన్. అప్పట్లో దానికి వద్దనడం అనే అర్థమే లేదు. పదిమందినీ పిలవడం, ఆజ్ఞను చాటడం, అంతే. మన పల్లెల్లో దండోరా వేసేవాళ్లే, అదన్నమాట. తర్వాత శపించడం అనే అర్థం వచ్చి చేరింది. కూడదని చాటడం అనే అర్థం స్థిరపడి ఆరువందల ఏళ్లు దాటింది.

పాత అర్థం ఇప్పటికీ ఒకచోట బతికే ఉంది. ఇంగ్లండు చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఆ చాటింపును బ్యాన్స్ అంటారు. పెళ్లి చీరలు నేసే మన ధర్మవరంలో ఈ ముక్క చెప్తే, బ్యాన్ అనే మాటకు పెళ్లితో ఏం పని అని నవ్వుతారు. కానీ అదే మాట. కాంట్రాబ్యాండ్ అంటే చాటింపుకు ఎదురుగా తెచ్చిన సరుకు. బ్యాండిట్ అంటే, వీడికి ఇక చట్టం రక్షణ లేదు అని ఇటలీలో చాటింపు పడినవాడు. మన బందిపోటు చెవికి అట్లాగే వినిపించినా ఆ ఇంటివాడు కాదు. మనం దుకాణాలు మూసేసి చేసే బంద్ కూడా కాదు. బంద్ పారశీకం నుంచి వచ్చింది, మన బంధానికీ ఇంగ్లీషు బైండ్‌కీ తోబుట్టువు. బంద్‌లో ఉన్నది కట్టివేయడం. బ్యాన్‌లో ఉన్నది నోటిమాట.

ఆ నోటిమాట వేరు ఇంకా లోతుగా పోతే మన పెరట్లోకే వస్తుంది. సంస్కృతంలో భణతి అంటే పలుకుతాడు. మన కావ్యాల్లో పలుకు తీరును భణితి అంటారు. బ్యాన్, భణితి ఒకే వేరు నుంచి మొలిచినవి. ఊరికే చెప్పట్లేదు, దీనికి లెక్క ఉంది. సంస్కృతంలో ‘భ’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘బ’ వస్తుంది. భ్రాత చూడు, బ్రదర్. భరించడం చూడు, బేర్. అట్లాగే ‘ధ’ ఉన్నచోట ‘డ’. విధవ, విడో. పోలిక ఒక్కచోట కుదిరితే అది కాకతాళీయం కావచ్చు. వందలచోట్ల అదే వరసలో కుదిరితే దాన్ని సూత్రం అనాలి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఈ భాషలన్నీ ఒక్క తల్లి బిడ్డలు కావచ్చన్నాడు. 1822లో జాకబ్ గ్రిమ్ ఈ అక్షరాల మార్పుకు క్రమం రాసిపెట్టాడు. అవునే, నువ్వు చదివిన ఆ గ్రిమ్ సోదరుల కథల్లోని గ్రిమ్మే. చుక్కల కదలికకు సూత్రం ఉన్నట్టే నాలుక కదలికకూ ఉందని తెలిసిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఇక ఫర్బిడ్. ఇది ఇంకా అందమైనది. ఫర్ అంటే ఇక్కడ ఎదురుగా. బిడ్ పాత రూపం బేయోడన్, ఆజ్ఞాపించడం, తెలియజేయడం. దాని వేరుకు అర్థం మేలుకోవడం, ఎరుక కలిగించడం. ఇప్పుడు సూత్రం వేసి చూడు: ఇంగ్లీషు ‘డ’కు సంస్కృతం ‘ధ’. ఏం వచ్చింది? బుధ్! బోధ, బుద్ధి, బుద్ధుడు అందరూ ఈ ఇంటివాళ్లే. మీ అమ్మ నిన్ను మిద్దె పిట్టగోడ ఎక్కొద్దంటుందే, అది ఫర్బిడ్. మనిషి ఎదుట నిలబడి, తన పెద్దరికంతో చెప్పేది. దాని తర్వాత టు వస్తుంది: ఫర్బిడ్ హర్ టు క్లైంబ్. ప్రొహిబిట్‌కు మాత్రం టు పెట్టకు, ఫ్రమ్ క్లైంబింగ్ అనాలి. మార్కులు పోయేది అక్కడే.

ప్రొహిబిట్ లాటిన్ నుంచి వచ్చింది. ప్రో అంటే ముందు, హబేరే అంటే పట్టుకోవడం. ముందు చెయ్యి అడ్డంపెట్టి ఆపడం. ఇది చట్టాల మాట, బోర్డుల మాట. మన జంక్షన్‌లో పట్టాలు దాటబోయేవాళ్లకు కనబడేది ఇదే.

మన ఊరి బతుకంతా ఈ మాట చుట్టూ తిరుగుతోంది. 1985లో పార్లమెంటు చేనేత రిజర్వేషన్ చట్టం చేసింది. కొన్ని రకాల బట్టలు చేతిమగ్గం మీదే నేయాలి, పవర్‌లూమ్ మీద నేయడం నిషిద్ధం. మొదట 22 రకాలు ఉండేవి, తర్వాత 11కు తగ్గించారు. ఆ పదకొండులో మొదటి పేరు చీర. మిల్లులవాళ్లూ పవర్‌లూములవాళ్లూ కోర్టుకెక్కితే, చట్టం చెల్లుతుందని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. తప్పితే 6 నెలల వరకు జైలు గానీ, మగ్గానికి 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ అని 1985లో రాశారు.

ఆ చట్టంలో చేతిమగ్గం అంటే ఏమని రాశారో తెలుసా? పవర్‌లూమ్ కాని మగ్గం. మరి పవర్‌లూమ్ అంటే? పవర్‌తో నడిచేది. పవర్ అంటే ఏమిటో 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది: కరెంటు గానీ, యంత్రం ద్వారా అందే ఇంకే శక్తి గానీ, మనిషి నుంచో పశువు నుంచో పుట్టనిది. అంటే గీత గీసింది చీర మీద కాదు, శక్తి ఎక్కడ పుట్టిందన్న దాని మీద. మనిషి గంటలకొద్దీ ఆగకుండా పనిచేస్తే ఇవ్వగలిగేది సుమారు 75 వాట్లు. ఒక్క హార్స్ పవర్ మోటారు ఇచ్చేది 746. పదిమంది కలిస్తే ఒక మోటారు. గుంతమగ్గంలో కాళ్లు దించి కూర్చుని, పావు తొక్కి, నాడె విసిరి, పలకతో కొట్టే మా నాయనకు ఆ 75 వాట్లూ సద్దిసంగటి నుంచే రావాలి. దాంతోనే పడుగూ పేకా కలిపి మమ్మల్ని సాకాడు.

పవర్‌లూమ్ పెట్టుకున్నవాళ్లు పరాయివాళ్లు కాదు తల్లీ, వాళ్లలోనూ మన నేతగాళ్ల బిడ్డలున్నారు. వాళ్ల కడుపు కొట్టాలని నేననను. పవర్‌లూమ్ మీద నేయడానికి చట్టం వదిలిపెట్టిన బట్టలు ఎన్నో ఉన్నాయి. కానీ చేతిమగ్గం చీర అని చెప్పి ఇంకోటి అమ్మితే, పది రోజులు గుంతలో కూర్చున్నవాడి కూలిని అది తినేస్తుంది. ఆ చట్టాన్ని గట్టిగా అమలు చేయమని నేతన్నలు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. బ్యాన్ అంటే చాటింపు అని చెప్పానే, చాటినవాళ్లు తర్వాత వచ్చి చూడాలి కదా. అడ్డంపెట్టిన చెయ్యి అక్కడే ఉండాలి కదా.

ఇంత చెప్పి మన మాటలు చెప్పకపోతే ఎట్లా? తెలుగు ఆ జోన్స్ చెప్పిన కుటుంబంలోది కాదు. తమిళం, కన్నడంతో కలిసి వేరే ఇల్లని మద్రాసులో ఎల్లిస్ దొర 1816లో నిరూపించాడు. అందుకే మన వద్దనే పద్ధతే వేరు. నిషేధం అనేది సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం, దాని వేరులో తరిమేయడం ఉంది. మనవి ఇవి: వద్దు, రాదు, కూడదు. వద్దు అంటే పాత వలదు, అక్కర్లేదని. రాదు అంటే ఆ పని దారికి రాదని. కూడదు చూడు, కూడు అంటే కలవడం. కలవదు కాబట్టి చేయొద్దు. మూడింటిలోనూ శపించడం లేదు, తరమడం లేదు. ‘ఎక్కకు’ అన్నప్పుడైతే క్రియ కడుపులోనే వద్దనడం ఉంది, వేరే మాటే అక్కర్లేదు.

రాసుకున్నావా? పెన్ను పక్కన పెట్టి కాసేపు విను. మన వీధిలో ఆ చివర ఆగకుండా దడదడలాడేది మోటారు. ఈ పక్కింట్లో టక్కుమని కొట్టి, ఆగి, మళ్లీ కొట్టేది చెయ్యి. ఆగినప్పుడల్లా తెగిన పోగు అతుకుతున్నాడు.