‘పోలో’ ఎవరి మాట?

‘పోలో’ అనగానే మన పిల్లలకు కాలరున్న టీషర్టు గుర్తుకు వస్తుంది. పెద్దలకైతే తెల్లదొరలు గుర్రాలపై ఆడిన ఖరీదైన ఆట స్ఫురిస్తుంది. ఈ మాట ఇంగ్లీషువారిదేనని మనలో చాలామంది భావిస్తాం. వాస్తవానికి ఇది కారకోరం పర్వతాల నడుమనున్న బల్తిస్తాన్ ముస్లిముల మాట. వారి బల్తీ భాషలో ‘పోలో’ అంటే బంతి. టిబెటన్ భాషలోని ‘పులు’ దీనికి సోదర పదం.

అంతకు శతాబ్దాల పూర్వమే ఈ ఆటకు పారశీకులు ‘చౌగాన్’ అని పేరు పెట్టుకున్నారు. చౌగాన్ అంటే బంతిని కొట్టే వంపు కర్ర. ఢిల్లీ సుల్తాన్ కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతూ గుర్రంపై నుండి పడి మరణించాడు. మొగల్ చక్రవర్తి అక్బర్ చీకటి రాత్రుల్లో సైతం మోదుగ కర్రతో చేసిన మండే బంతులతో ఈ ఆట ఆడేవాడని అబుల్ ఫజల్ తన ‘ఆయినె అక్బరీ’లో నమోదు చేశాడు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో షా అబ్బాస్ నిర్మించిన ‘నక్షె జహాన్’ మైదానంలో ఆనాటి రాతి గోలు స్తంభాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

మన దేశపు ఈశాన్య మూలన మణిపూర్ ప్రజలు ఇలాంటి ఆటనే ‘సగోల్ కాంగ్‌జై’ అన్నారు. సగోల్ అంటే గుర్రం. కాంగ్‌జై అంటే కర్రతో ఆడే ఆట. పారశీకుల చూపు కర్రపై నిలిచింది, బల్తీల చూపు బంతిపై నిలిచింది. మణిపురీలు మాత్రం గుర్రాన్ని ముందు నిలిపారు.

అస్సాంలోని కచార్ ప్రాంతంలో మణిపురీల ఆట చూసి ముగ్ధులైన ఆంగ్లేయ అధికారులు, తేయాకు తోటల యజమానులు 1859లో సిల్చార్‌లో తొలి పోలో క్లబ్బును స్థాపించారు. మణిపురీల నుండి ఆటను నేర్చుకున్నారు, బల్తీల నుండి పేరును స్వీకరించారు. నియమాలు కూర్చి ప్రపంచమంతటా వ్యాపింపజేసిన ఘనత నిస్సందేహంగా వారిదే. అయితే ఆ ఘనత వెనుక మణిపురీ రౌతు, బల్తీ పల్లెవాసి మరుగున పడిపోయారు. చౌగాన్ అనే మాట కూడా మన నోట మాయమైంది.

ఎవరి శ్రమను వారి పేరిట చెప్పడం కూడా న్యాయంలో భాగమే. ఈసారి మన ఇంటి పిల్లవాడు పోలో టీషర్టు తొడుక్కున్నప్పుడు, ఆ మాట ఎక్కడి నుండి వచ్చిందో వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని చెబుదాం.