నీలకంఠ రొయ్య: అడ్వాన్సు ఇచ్చే ముందు

నూజెండ్ల, వినుకొండ వైపు చెరువు సరుకుకు ముందుగా అడ్వాన్సు ఇచ్చే వర్తకులు, చేపకు వేసే లెక్కనే నీలకంఠ రొయ్యకూ వేస్తే నష్టపోతారు. కొర్రమీను చెరువులోనే పిల్ల పెడుతుంది. చెరువుల్లో దొరికే చిన్న రొయ్యలలో కొన్ని జాతులూ అంతే. నీలకంఠం మాత్రం మంచినీటిలో పెరుగుతుందే గాని అక్కడ దాని సంతతి నిలవదు.

పెద్ద ఆడరొయ్య తోక కింద 80 వేల నుంచి లక్ష వరకు గుడ్లు మోస్తుంది. నారింజ రంగు గుడ్లు బూడిద రంగుకు తిరిగి సుమారు మూడు వారాలలో పొదుగుతాయి. బయటపడిన లార్వాలకు ఉప్పు కలసిన నీరు, లీటరుకు సుమారు 12 గ్రాముల ఉప్పు ఉన్నది, కావాలి. అది లేకపోతే కొద్ది రోజులలోనే చస్తాయి. పదకొండు దశలు గడిచాకనే పిల్లరొయ్య మంచినీటికి ఎగువకు వస్తుంది. ఈ సంగతిని 1960ల ఆరంభంలో మలయాలో షావో-వెన్ లింగ్ కనిపెట్టిన తరువాతే హేచరీలకు దారి ఏర్పడింది. గుండ్లకమ్మకు దిగువన మల్లవరం రిజర్వాయరు అడ్డు ఉన్నది. కనుక ఈ ప్రాంతపు చెరువులో గుడ్ల రొయ్యలు కనిపించినంత మాత్రాన వచ్చే ఏటి సరుకు ఖాయమని తలచరాదు. హేచరీ పిల్ల ఎంత వేశారు, ఎప్పుడు వేశారు అన్నదే ముఖ్యం.

కౌంట్ విషయంలో వివాదాలు ఎక్కువ. ఒకే రోజు వేసిన పిల్ల అయినా సమంగా పెరగదు. నీలి డెక్కల మగవి పెత్తనం చేస్తాయి. నారింజ డెక్కలవి వేగంగా పెరుగుతుంటాయి. మిగిలిన చిన్న మగవి ఎదగకుండా ఆగిపోతాయి. పెద్దవాటిని తీసివేస్తే చిన్నవి పుంజుకొంటాయి. అందుకే ఒకేసారి వల లాగించి ఒకే కౌంట్ కావాలనే షరతు అర్థంలేనిది. గుల్ల విడిచి మెత్తబడినవాటిని తోటివే తినడంవల్ల లెక్క కూడా తగ్గుతుంది. పైగా పెద్ద మగదానిలో తల, డెక్కల బరువే హెచ్చు. తోక మాంసం మొత్తం బరువులో సగానికి తక్కువే. తలతో కొని తోకగా అమ్మేవారు ఈ తేడా ముందే చూసుకోవాలి.

పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన ఎగుమతిదారులు దీనిని స్కాంపీ అంటారు. యూరప్‌లో ఆ పేరు సముద్రపు నార్వే లాబ్‌స్టర్‌ది. విదేశీ ధరల పట్టీలో కనిపించే క్రేఫిష్ మరొకటి. అది మన నదులలో సహజంగా లేదు. దాని గుడ్ల నుంచి తల్లిని పోలిన పిల్లలే వస్తాయి, ఉప్పునీటితో పనిలేదు. ఆ ధరలతో నీలకంఠానికి బేరం పెట్టడం పొరపాటు.

2001లో నెల్లూరు జిల్లాలో తెల్లతోక తెగులు బయటపడి హేచరీలను, చెరువులను దెబ్బతీసింది. 2009లో వన్నామీ సాగుకు అనుమతి వచ్చాక చాలామంది రైతులు అటు మళ్లారు. విత్తనం కొనేటప్పుడు తెగులు పరీక్ష జరిగిందో లేదో దలాలీ మాటతో సరిపెట్టుకోకుండా కాగితం అడగడం మేలు.

దీనికి 26 నుంచి 31 డిగ్రీల నీటివేడి అనుకూలం; 35 దాటితే ప్రమాదం. పల్నాటి ఎండలో లోతు తక్కువ చెరువును నమ్మరాదు. పట్టిన సరుకును ఆలస్యం లేకుండా ఐసులో వేయాలి. తలలోని జీర్ణరసాలు త్వరగా తోకలోకి దిగి మాంసాన్ని పిండిపిండిగా చేస్తాయి. అటువంటి సరుకు బరువులో తగ్గకపోయినా ధరలో తగ్గుతుంది.