కాఫీ కప్పులో దాగిన మత్తు

ఐరోపాలో కాఫీలో మద్యం కలుపుకొని తాగే అలవాటు పాతదే. ఇటలీలో గ్రాపా అనే ద్రాక్ష సారా, ఐర్లండ్‌లో విస్కీ కలుపుతారు. ఉత్తర జర్మనీలో రమ్ము కలిపిన కాఫీని 'పరిసయ్యుడు' అంటారు.

ఆ పేరుకు అక్కడివారు ఒక కథ చెబుతారు. 1872లో నార్డ్‌స్ట్రాండ్‌లో ఒక బిడ్డ బాప్తిస్మపు విందు జరిగింది. పాస్టరు గేయోర్గ్ బ్లయర్ గారికి మద్యం అంటే గిట్టదు. అందుకని అతిథులు తమ కాఫీలో రమ్ము పోసుకొని, వాసన రాకుండా పైన గిలక్కొట్టిన మీగడ వేసుకున్నారు. సంగతి బయటపడగా ఆయన వారిని పరిసయ్యులని గద్దించారట.

మీగడ వాసనను దాచినట్లే, కాఫీ మత్తును దాచుతుంది. కెఫీన్ నిద్రను ఆపడం వల్ల తాగినవారికి "నాకేమీ కాలేదు" అనిపిస్తుంది. కాని రక్తంలోని మద్యం ఏమీ తగ్గదు. 40 మి.లీ. రమ్ములో దాదాపు 13 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. దానిని వదిలించుకోవడానికి కాలేయానికి గంటకు పైగా పడుతుంది. కాఫీతో ఆ పని త్వరపడదు. కెఫీన్ కలిపిన మద్యం అమ్మే నాలుగు కంపెనీలను 2010లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది.

కాబట్టి మద్యం తాగినవారికి కాఫీ ఇచ్చి, బండి తాళం చేతికి ఇవ్వకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, దగ్గరే ఉండి గమనించండి. పిలిచినా లేవకపోయినా, ఊపిరి మందగించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.