దీపాలదిన్నె

భూమిని తవ్వడం మానవుడు అనాదిగా చేస్తున్న పని. బావి కోసం, పునాది కోసం, చెరువు కోసం, ఉద్యానవనం కోసం అతడు నేలను తవ్వుతూనే ఉన్నాడు. ఆ తవ్వకాలలో ఒక్కొక్కసారి అనుకోకుండా ప్రాచీన చరిత్ర బయటపడుతుంది. ఎన్నో గొప్ప పురావస్తు ఆవిష్కరణలకు పండితుల సంకల్పం కంటె ముందు పనివారి పలుగు, పారలే కారణమయ్యాయి. కృష్ణానది దక్షిణ తీరాన వెలసిన అమరావతి స్తూపమే ఇందుకు నిదర్శనం. అయితే ఏ తవ్వకం ఆ స్తూపాన్ని వెలుగులోకి తెచ్చిందో, ఆ తవ్వకంతోనే దాని విధ్వంసం కూడ ఆరంభమయింది.

అమరావతిని ఆనుకొని ఉన్న ప్రాచీన నగరం ధాన్యకటకం. అక్కడ క్రీస్తు పూర్వమే నిర్మితమైన మహాస్తూపం, సాతవాహనుల పాలనలో క్రీ.శ. 2వ శతాబ్దం నాటికి విస్తరించి, పలనాటి సున్నపురాతి శిల్పఫలకాలతో శోభిల్లింది. దాని వ్యాసం దాదాపు 50 మీటర్లు. ధాన్యకటకంలోని ఒక బౌద్ధ కట్టడాన్ని పునరుద్ధరించినట్లు శ్రీలంకలోని 1344వ సంవత్సరపు గడలాదెణియ శాసనం తెలుపుతున్నది. తరువాతి కాలంలో ఆదరణ కరవై స్తూపం మట్టిదిబ్బగా మారింది. ప్రజలు దానిని ‘దీపాలదిన్నె’ అని పిలిచేవారు. దాని గర్భంలో ఏమున్నదో వారికి తెలియదు.

18వ శతాబ్దపు చివరి దశకంలో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్టణాన్ని నిర్మింపజేశాడు. ఇటుకల కోసం, రాళ్ల కోసం పనివారు దిన్నెను తవ్వగా పెద్ద పెద్ద ఇటుకలు, అద్భుతమైన శిల్పాలు గల తెల్లని రాతిపలకలు బయల్పడినాయి. వాటి విలువ తెలియక కొన్నింటిని కట్టడాలలో వాడారు. మరికొన్నింటిని కాల్చి సున్నం చేశారు. ఈ వార్త విని 1798 ప్రాంతంలో కర్నల్ కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. 1816లో మరల వచ్చేసరికి దిన్నె నడిభాగం చెరువుగా తవ్వబడి ఉన్నది. మిగిలిన శిల్పాలకు ఆయన చిత్రకారులచేత ఎనభైకి పైగా చిత్రాలు గీయించాడు. ఆ శిల్పాలలో కొన్ని తరువాత అదృశ్యమయ్యాయి. వాటి రూపురేఖలు నేడు ఆ చిత్రాల వల్లనే తెలుస్తున్నాయి.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలలో అనేకం ఆ పిమ్మట సముద్రం దాటి లండన్ చేరాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞతో దిన్నెను పూర్తిగా తవ్వించారు. ఏ పలక ఏ చోట లభించిందో ఎవరూ వ్రాసి ఉంచలేదు. మరుసటి సంవత్సరం పురావస్తు శాస్త్రజ్ఞుడు జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి అక్కడ పెద్ద గొయ్యి మాత్రమే మిగిలింది. అయినను నేల తన సంపదనంతటినీ వదులుకోలేదు. 1958-59లో భారత పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో స్ఫటిక ధాతుపేటికలు లభించాయి.

పురావస్తువు విలువ దాని అందంలో మాత్రమే లేదు. అది దొరికిన చోటులో కూడ ఉన్నది. భూమి పొరలు పొరలుగా పేరుకొంటుంది. సాధారణంగా అడుగు పొర పాతది, పై పొర కొత్తది. ఒక నాణెం, ఒక కుండపెంకు, ఒక శిల్పం ఒకే పొరలో కలిసి లభిస్తే, నాణెం మీది రాజు పేరు తక్కిన రెండింటి కాలాన్ని ఊహించడానికి ఆధారమవుతుంది. పొరను చెదరగొట్టి వస్తువును మాత్రమే తీసుకుంటే అది పుస్తకం నుండి చించిన పుట వంటిది. అందులోని అక్షరాలు చదవగలం కాని, అది ఏ కథలోనిదో చెప్పలేం.

నేటి నగరాలలో ప్రతిదినం ఎక్కడో ఒకచోట నేలను తవ్వుతూనే ఉన్నారు. నాటి పనివారి చేతిలో పలుగు ఉండేది. నేడు క్షణంలో శతాబ్దాల పొరలను పెకలించగల యంత్రాలున్నాయి. భూగర్భంలో విలువైన నిక్షేపం దొరికితే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం నిర్దేశించింది. చట్టం ఉన్నా, వింత రాయి కనిపించిన క్షణాన పనిని ఆపవలసినది అక్కడున్న మనిషే. ఆనాడు దీపాలదిన్నె మీద అటువంటి వారు ఒక్కరున్నా, లండన్, చెన్నై నగరాల మ్యూజియంలలో విడివిడిగా ఉన్న శిల్పాలలో అనేకం నేడు కృష్ణాతీరంలో తమ చోటనే నిలిచి ఉండేవేమో!